ఉలీ సూదీ, మధ్యలో ముక్కూ

ఇటలీ దేశం ఫ్లోరెన్సులో ఉఫీజీ అని పెద్ద చిత్రశాల ఉంది. అందులో ఒక ప్రభువుగారి బొమ్మ. ఎర్ర టోపీ, ఎర్ర అంగీ, మనవైపు చూడకుండా పక్కకు తిరిగి ఉంటాడు. పేరు ఫెదెరీగో ద మోంతెఫెల్త్రో, ఉర్బీనో సంస్థానానికి ఏలిక. 15వ శతాబ్దంలో పియెరో డెల్లా ఫ్రాంచెస్కా వేశాడు. ఆ ముక్కు ఒకసారి చూస్తే ఇక మర్చిపోరు. రెండు కళ్ల మధ్య ముక్కు మొదలయ్యే చోట ఇంత లోతు గాడి, దాని కింద అమాంతం లేచిన మిట్ట. 1450లో గుర్రాల మీద ఈటెల పోటీలో ఆయనకు కుడికన్ను పోయింది. మిగిలిన ఎడమకంటికి కుడిపక్క నుంచి వచ్చే శత్రువు కనబడకుండా ముక్కు అడ్డొస్తోందని అక్కడి ఎముక చెక్కించేసుకున్నాడని కథ. కథలో నిజమెంతో గానీ గాడి మాత్రం బొమ్మలో ఉంది. ఫోన్ చేతిలోనే ఉంటుందిగా, వెతికి చూసి రండి. నేనెక్కడికీ పోను.

చూశారా? మరి చెప్పండి. ఆ మిట్ట నిజంగానే అంత పెద్దదా, పైన గాడి ఉండబట్టి అంతగా కనబడుతోందా?

నవ్వులాటకు అడగలేదు. ముక్కు మీది ఎత్తు తీయించుకోవాలని వెళ్లినవాళ్లను కూర్చోబెట్టి, మంచి డాక్టరు పక్కనుంచి చూసి ముందుగా తేల్చుకునేది ఇదే. ముక్కు మొదలు బాగా లోతుగా ఉంటే మామూలు ముక్కుకైనా మిట్ట ఉన్నట్టే ఉంటుంది. ముక్కు కొస కిందికి వాలితే మధ్యభాగం లేచినట్టవుతుంది. ఇంకా విచిత్రం గడ్డం. గడ్డం వెనక్కి ఉన్న ముఖంలో ముక్కు లేనిపోని పెద్దరికం తెచ్చుకుంటుంది. ముక్కు కోసమని వెళ్లినవాళ్లకు డాక్టరు గడ్డం గురించి చెప్పడం మొదలుపెడితే, "ఇదేమిటి, బేరం పెంచుతున్నాడా?" అని అనుమానపడకండి. చాలాసార్లు ఆయన చెప్పేది నిజమే.

ఇక సెల్ఫీల సంగతి. 2018లో అమెరికాలో కొందరు డాక్టర్లు లెక్కగట్టి చూపించారు. ముఖానికి 12 అంగుళాల దూరంలో ఫోన్ పెట్టి తీస్తే, ఐదడుగుల దూరం నుంచి తీసిన ఫొటోతో పోలిస్తే ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందట. ఆ తప్పు ముక్కుది కాదు, చెయ్యి పొడవు చాలకపోవడానిది. కాబట్టి సెల్ఫీ చూసుకుని దిగులుపడేవాళ్లు ముందు ఇంట్లో ఎవరినైనా బతిమాలి నాలుగడుగులు వెనక్కి నిలబెట్టి ఒక ఫొటో తీయించుకోండి. పైసా ఖర్చు లేని వైద్యం.

అలాగని మిట్టలన్నీ కంటి భ్రమలనడం లేదు. చూపుడువేలు నుదుటి దగ్గర పెట్టి మెల్లగా ముక్కు మీదుగా కిందికి జార్చండి. పైన మూడోవంతు గట్టిగా తగులుతుంది, అది ఎముక. ఆ తర్వాత కొంచెం అటూ ఇటూ కదిలే భాగం వస్తుంది, అది మృదులాస్థి. ఈ రెండూ కలిసే చోటే సాధారణంగా మిట్ట కూర్చుంటుంది. అందరూ "ఎముక లేచింది" అంటారు గానీ ఆ ఎత్తులో మృదులాస్థి వాటా తక్కువేమీ కాదు, చాలామందిలో అదే ఎక్కువ. పుట్టుకతో ఇది బయటపడదు. పన్నెండు పదమూడేళ్లు దాటి ముఖం పొడుగయ్యే రోజుల్లో తాతగారి ముక్కో మేనత్త ముక్కో నెమ్మదిగా తేలుతుంది. దెబ్బ తగిలి వచ్చేవి వేరే. క్రికెట్ బంతి తగిలో, బండి మీంచి పడో ముక్కెముక విరిగి, సరిగా కూర్చోకుండా అతికితే అక్కడా ఒక గుబ్బ మిగిలిపోతుంది.

ఇక్కడ అమ్మమ్మలకు కోపం వస్తుంది. పసిపిల్లకు నూనె రాసి, నలుగు పెట్టి, కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసేటప్పుడు ముక్కును రెండు వేళ్లతో పట్టి సాగదీస్తారు కదా, కోటేరేసినట్టు రావాలని. పిల్ల ఏడుస్తుంది, ముక్కు మాత్రం పదేళ్ల తర్వాత తన దారిన తాను వస్తుంది. ఇంటర్నెట్లో అమ్మే ముక్కు క్లిప్పులదీ అదే కథ. రాత్రంతా బిగించుకుని పడుకుంటే తెల్లారేసరికి చర్మం కందడమే మిగులుతుంది. మేకప్ మాత్రం మర్యాదగా పనిచేస్తుంది. మిట్ట మీద కాస్త ముదురు రంగు, పైనా కిందా లేత రంగు పూస్తే ఫొటోలో ముక్కు సర్దుకుంటుంది. ముఖం కడుక్కుంటే పోతుంది, ఎవరికీ నష్టం లేదు.

అసలు మిట్టను లోపమని ఎవరన్నారు? పారశీకులు గద్దముక్కునే అందమనుకున్నారని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. కారణం, వాళ్ల మహారాజు సైరస్‌ది అలాంటి ముక్కు. ఇప్పుడు అదే దేశంలో, టెహరాన్ వీధుల్లో ముక్కు మీద తెల్లపట్టీతో తిరిగేవాళ్లు ఎంతమంది ఉంటారంటే, ప్రపంచమంతా ఆ ఊరిని ముక్కు ఆపరేషన్ల రాజధాని అంటోంది. మన సంగతికొస్తే ముక్కును మోసినవాళ్లు కవులు. సంపెంగ మీద తుమ్మెద వాలదు కదా, ఆ దిగులుతో సంపెంగ తపస్సు చేసి ఆడదాని ముక్కై పుట్టి, అటొకటి ఇటొకటి కళ్లనే తుమ్మెదల్ని పెట్టుకుందని ఒక పద్యం ఉంది. ఉన్నది రామరాజభూషణుడి వసుచరిత్రలో. రాసింది మాత్రం నంది తిమ్మన అనీ, ఆయన దగ్గర ఈయన కొనుక్కున్నాడనీ చాటుకథ. ఏదైతేనేం, పారిజాతాపహరణం రాసినంతటి కవి ముక్కు తిమ్మనగా మిగిలిపోయాడు. అలాంటి సాహిత్యం చదువుకున్న జాతి పెళ్లిచూపుల్లో ముక్కు దగ్గర ఆగిపోయిందంటే తప్పంతా వాళ్లదే అనలేం.

సరే, తీయించుకోవాలనే అనుకున్నారు. దారులు రెండు, సూది, ఉలి.

సూది దారి వినడానికి ఎంత హాయిగా ఉంటుందంటే, "కోత లేదు, కుట్టు లేదు, పావుగంటలో ఇంటికి" అని బోర్డులే పెడతారు. అందులో చేసేది మిట్టను తీయడం కాదు. వీధిలో స్పీడ్‌బ్రేకర్‌ను పగలగొట్టకుండా దానికి అటూ ఇటూ రోడ్డు ఎత్తు పెంచేస్తే బండికి కుదుపు తెలియదు చూడండి, అదీ పద్ధతి. ముక్కు మొదట్లో ఉన్న లోతులోనూ, మిట్ట కింద కొసవైపూ హైలురోనిక్ యాసిడ్ అనే జిగురు పదార్థం ఎక్కించి గీతను సమం చేస్తారు. ఫిల్లర్ అంటారు. మన చర్మంలోనూ కీళ్లలోనూ సహజంగా ఉండే సరుకే, కాస్త గట్టిపరిచి చేస్తారు. ఒక మిల్లీలీటరు లోపే సరిపోతుంది. ఏడాది అటూ ఇటూగా కరిగిపోతుంది, మళ్లీ వెళ్లాలి, మళ్లీ డబ్బు కట్టాలి. నచ్చకపోతే హైలురోనిడేజ్ అనే ఎంజైము ఇంజెక్షన్‌తో కరిగించేయవచ్చు. ఇది దాని పెద్ద సుగుణం. చిన్న మిట్టకు, ముక్కు మొదలు లోతుగా ఉన్నవాళ్లకు ఇది బాగానే నప్పుతుంది. ఉర్బీనో ప్రభువు ఇప్పుడుంటే ఆయన గాడికి ఇదే చేసేవాళ్లు. కానీ ముక్కు ఇప్పటికే పెద్దదనుకునేవాళ్లకు ఇంకొంచెం కలపడం తప్ప తగ్గించడం సూదికి చేతకాదు. మిట్ట పెద్దదైతే దాన్ని దాచేటంత ఎత్తు పెంచేసరికి అదొక కొత్త ముక్కు అవుతుంది.

"అయితే మాత్రం, ఆపరేషన్ కంటే సూదే నయం కదండీ?" అంటున్నారు మీరు. వినబడింది. నా మాట అడిగితే ఈ రెండింట్లో నన్ను ఎక్కువ భయపెట్టేది సూదే.

ఎందుకంటారా? ముక్కు పైభాగానికి నెత్తురు అందించే సన్నటి ధమనుల్లో కొన్ని కంటి ధమని నుంచి బయటికి వచ్చినవే. సూది మొన పొరపాటున అలాంటి ధమనిలో దిగి, వెనక పిస్టన్ గట్టిగా నొక్కితే ఆ జిగురు నెత్తురు ప్రవాహానికి ఎదురు నడిచి కంటిదాకా పోతుంది. నొక్కడం ఆపగానే ప్రవాహంతో ముందుకు కొట్టుకుపోయి కంటిపొరకు వెళ్లే దారిని మూసేస్తుంది. చూపు అప్పటికప్పుడు పోతుంది. నెత్తురందకుండా కంటిపొర ఎక్కువసేపు బతకదు, గంటా రెండు గంటల్లో జరగాల్సిన నష్టం జరిగిపోతుంది, తిరిగి తెప్పించగలిగిన సందర్భాలు బహు తక్కువ. ఇది తరచుగా జరిగేది కాదు, చాలా అరుదు. కానీ ముఖంలో ఫిల్లర్ వల్ల చూపు పోయిన కేసుల్లో ముక్కు, కనుబొమల మధ్యభాగం, నుదురు ఎప్పుడూ ముందు వరుసలోనే ఉంటాయి. కన్ను దాకా పోకుండా ముక్కు ధమనే మూసుకుంటే చర్మం ముందు పాలిపోతుంది, తర్వాత వలలా నీలిమచ్చలు, విపరీతమైన నొప్పి, పట్టించుకోకపోతే నల్లబడి కుళ్లిపోవడం. అంతకుముందు ముక్కు ఆపరేషన్ అయినవాళ్లకు లోపల నెత్తురు దారులు మారిపోయి ఉంటాయి కాబట్టి వాళ్లకు ముప్పు ఎక్కువ. అందుకని బ్యూటీపార్లర్లో, ఫేషియల్ చేసిన చేత్తోనే ముక్కుకు సూది వేయించుకోవడం అనే మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. డాక్టరు దగ్గరే వేయించుకోవాలి, ఆ గదిలో కరిగించే ఎంజైము చేతికందేలా ఉందో లేదో సిగ్గుపడకుండా అడగాలి. ఉందంటే చూపించమనాలి.

కరగనిది ఎక్కిస్తే ఏమవుతుందో చెప్పడానికి ఒకావిడ కథ ఉంది. గ్లాడిస్ డీకన్ అని పారిస్‌లో పుట్టిన అమెరికన్ అందగత్తె. రచయిత ప్రూస్త్, శిల్పి రోదాఁ లాంటివాళ్లు ఆమె అందాన్ని పొగిడారు. ఆమెకు మాత్రం తన ముక్కుకూ నుదుటికీ మధ్య ఉన్న ఒంపు నచ్చలేదు. గ్రీకు శిల్పాల్లో నుదుటి నుంచి ముక్కు కొస దాకా ఒకటే గీత ఉంటుంది కదా, అది కావాలి. 20వ శతాబ్దం మొదట్లో మైనం ఎక్కించే వైద్యం కొత్త ఫ్యాషన్. ఇరవై దాటీ దాటకుండానే ఎక్కించుకుంది. మైనం అక్కడ నిలవలేదు, కాలం గడిచేకొద్దీ కిందికి జారి ముఖం గడ్డలు కట్టింది. తర్వాత 1921లో మార్ల్‌బరో డ్యూక్‌ను పెళ్లాడి బ్లెనహైమ్ అనే మహాభవనానికి యజమానురాలైంది. ఆ భవనం ముఖమంటపం పైకప్పు మీద ఇప్పటికీ ఆమె కళ్లు చిత్రించి ఉన్నాయి. ముక్కు వెయ్యలేదు. ఇవాళ్టి ఫిల్లర్ మైనం కాదు, నిజమే. కానీ "శాశ్వతంగా ఉంటుంది, సిలికాన్" అని ఎవరైనా ఊరిస్తే గ్లాడిస్‌ను తల్చుకుని బయటికి వచ్చేయండి.

ఇంకా దారాలున్నాయి, చర్మం కింద లాగి ముక్కు కొసను నిలబెట్టేవి. బొటాక్స్ ఉంది, నవ్వినప్పుడు కొసను కిందికి గుంజే కండరాన్ని నీరసపరిచేది. రెండూ కొసకు సంబంధించిన సర్దుబాట్లు, మిట్టకు దూరపు చుట్టాలు. వదిలేద్దాం.

ఇక ఉలి. ప్లాస్టిక్ సర్జరీ అనగానే మనం సుశ్రుతుణ్ణి ముందుకు తెస్తాం. తేవాల్సిందే, కానీ ఆయన చెప్పింది తెగిపోయిన ముక్కును చెంప చర్మంతో తిరిగి కట్టడం. ఉన్న ముక్కును తగ్గించడం వేరే విద్య, దానికి ఊరు వేరే. 1891లో అమెరికాలో రోచెస్టర్ నగరపు డాక్టర్ జాన్ ఓర్లాండో రో, బయట గాటు లేకుండా ముక్కు లోపలి నుంచే మిట్టను తీసిన పద్ధతి రాశాడు. 1898లో బెర్లిన్‌లో జాక్ జోసెఫ్ అనే ఆయన ఒక ఆసామి ముక్కు తగ్గించి వైద్యుల సంఘం ముందు చెప్పాడు. ఆ ఆసామి ఎక్కడికెళ్లినా జనం ముక్కునే చూస్తున్నారని బయటికి రావడం మానేసిన మనిషి. ఆపరేషన్ తర్వాత ఎవరూ తనను పట్టించుకోకుండా నడిచిపోగలగడమే అతనికి మహానందమైందట. జోసెఫ్ అప్పటికే ఒకసారి దెబ్బతిన్నవాడు. బడిలో వెక్కిరిస్తున్నారని ఏడ్చే ఒక పిల్లవాడి చేటచెవులు సరిచేసినందుకు 1896లో ఆసుపత్రి కొలువు పోగొట్టుకున్నాడు. జబ్బు లేని అవయవాన్ని కోయడమేమిటని పై డాక్టరు కోపం. జోసెఫ్ యూదుడు. ముక్కు చూసి జాతి చెప్పే సమాజంలో అతని దగ్గరికి వచ్చినవాళ్లలో యూదులు చాలామంది, పేదవాళ్లకు డబ్బు తీసుకోకుండా చేసిన సందర్భాలూ ఉన్నాయి. అందంగా కనబడటం కంటే ఎవరి కంటా పడకపోవడం కోసం చేయించుకున్న ముక్కులవి. అందుకే ముక్కు ఆపరేషన్ అనగానే "సోకు" అని తీసిపారేసేవాళ్లతో నాకు పేచీ.

ఇప్పటి పద్ధతి చెబుతాను, కాస్త ఓపిక పట్టండి, ఇక్కడే అసలు సంగతుంది. మత్తు ఇచ్చి, ముక్కు లోపలి నుంచో, రెండు రంధ్రాల మధ్య స్తంభం మీద చిన్న గాటు పెట్టి చర్మం పైకెత్తో లోపలికి వెళ్తారు. మృదులాస్థి మిట్టను కత్తితో, ఎముక మిట్టను ఆకురాయితోనో చిన్న ఉలితోనో తీస్తారు. మెత్తటి కండ జోలికి పోకుండా ఎముకను మాత్రమే కోసే అల్ట్రాసౌండ్ పరికరాలూ ఇప్పుడున్నాయి. మిట్ట తీయగానే ముక్కు పైన చదునుగా, మధ్యలో తెరుచుకుని ఉండిపోతుంది. దాన్ని డాక్టర్లు ఓపెన్ రూఫ్ అంటారు. అలా వదిలేస్తే ఎదురుగా చూసినవాళ్లకు ముక్కు వెడల్పుగా కనబడుతుంది. కాబట్టి రెండు పక్కల ఎముకలనూ కింద కోసి లోపలికి జరిపి ఆ సందు మూస్తారు. జరిపేటప్పుడు లోపలి గాలిదారి ఇరుకైతే అందం వచ్చింది, ఊపిరి పోయింది అన్నట్టవుతుంది. అది జరక్కుండా మధ్యగోడకు రెండు పక్కలా మృదులాస్థి పట్టీలు ఇరికిస్తారు. ఆ పట్టీల కోసం సాధారణంగా అదే గోడ నుంచి ముక్క తీసుకుంటారు. ముక్కు కోసం వెళ్లి ఊపిరి సంగతి అడగనివాళ్లే ఎక్కువ. మీరు అడగండి. మధ్యగోడ వంకర ముందే ఉంటే రెండూ ఒకేసారి సరిచేయవచ్చు.

నాకు భలే ముచ్చటేసిన విషయం ఇంకోటుంది. ముక్కు మీద చర్మం మందం అంతటా ఒకటి కాదు. ఎముకా మృదులాస్థీ కలిసే చోట, అంటే సరిగ్గా మిట్ట దగ్గర, చాలా పల్చన. పైనా కిందా మందం. అందుకని బయటికి గీత గీసినట్టు తిన్నగా కనబడాలంటే లోపల కొంచెం మిట్ట ఉంచాలి. లోపల పూర్తిగా చదును చేస్తే బయట గొయ్యి కనిపిస్తుంది. మిట్ట మీద పగబట్టి మొత్తం తీసేసే సర్జన్ కన్నా కొంచెం ఉంచే సర్జన్ నయమన్నమాట. ఎక్కువ తీసేస్తే ముక్కు మధ్య జీను వేసినట్టు కుంగుతుంది, దాన్ని మళ్లీ నిలబెట్టడానికి చెవి నుంచో పక్కటెముక నుంచో మృదులాస్థి తేవాలి.

ఈ మధ్య ఇంకో ఆలోచన ఊపందుకుంది. పైకప్పు ముట్టుకోకుండా మొత్తం ముక్కునే కిందికి దించడం. ముక్కు పునాది దగ్గర ఎముకలోనూ, లోపలి గోడలోనూ పట్టీలు తీసేస్తే మీదున్నదంతా అలాగే కిందికి దిగుతుంది. బోస్టన్ డాక్టర్లు వందేళ్ల కిందటే చేశారు, 20వ శతాబ్దం మధ్యలో షికాగోలో కాటిల్ అనే డాక్టరు నేర్పాడు, తర్వాత మరుగున పడి గత పదేళ్లలో ప్రిజర్వేషన్ రైనోప్లాస్టీ అనే పేరుతో తిరిగొచ్చింది. వంకర లేని ముక్కుకు, మరీ పెద్దది కాని మిట్టకు బాగుంటుంది. అందరికీ కాదు.

ఎవరు చేయించుకోవాలి, ఎవరొద్దు? ముక్కు ఎదగడం ఆగాలి. ఆడపిల్లలకు పదిహేను పదహారు, మగపిల్లలకు పదిహేడు పద్దెనిమిది. అద్దం ముందు రోజుకు గంటలు గడిపి, పక్కవాళ్లకు కనబడనంత చిన్న ఎత్తు వల్లే జీవితం పాడైందని నమ్మేవాళ్లకు ఆపరేషన్ ఊరట ఇవ్వదు, వాళ్లకు కావాల్సింది మనసు డాక్టరు. ఆ మాట చెప్పి వెనక్కి పంపగల సర్జన్ దొరకడం అదృష్టం. చేసిన ముక్కు మళ్లీ చేయాల్సి రావడం సుమారుగా నూటికి 5 నుంచి 15 మందికి ఉంటుందని వైద్య పుస్తకాలు చెబుతాయి, గొప్ప చేతుల్లోనూ సున్నా కాదు. చేయించుకున్నవాళ్లు ఒకరు, వద్దనుకున్నవాళ్లు ఒకరు, అలా నాకు ఇష్టమైన జంట ఫానీ బ్రైస్, బార్బ్రా స్ట్రైసాండ్. ఫానీ 1923లో మిట్ట తీయించుకున్న నటి. ఆమె జీవితం 1968లో సినిమాగా వచ్చినప్పుడు వేషం కట్టింది గాయని స్ట్రైసాండ్. ఎంతమంది చెప్పినా, గొంతు మారిపోతుందేమోనని కూడా భయపడి, ముక్కు ముట్టుకోనివ్వని మనిషి.

డబ్బు సంగతి. అందానికి చేయించుకునే ఆపరేషన్‌కు మన ఆరోగ్య బీమా పైసా ఇవ్వదు. ప్రమాదం తర్వాత సరిచేయించుకోవడం వేరు, అప్పుడు కాగితాలు చూపించి అడగవచ్చు. డాక్టరు ఎం.సిహెచ్. ప్లాస్టిక్ సర్జరీ చదివారో, లేక ఇ.ఎన్.టి. చదివి ముక్కు సర్జరీలో శిక్షణ పొందారో కనుక్కోండి. ఆయన చేసిన ముక్కుల్లో మీ ముక్కు లాంటిది ఏడాది తర్వాత ఎలా ఉందో ఫొటో అడగండి, వారం తర్వాతది కాదు. వారానికి పట్టీ తీస్తారు, రెండు వారాలకు కళ్ల కింద నలుపు పోతుంది, అసలు ఆకారం తేలడానికి మాత్రం ఏడాది పడుతుంది. మందపు చర్మమైతే ఇంకా ఎక్కువ. వచ్చే నెల ముహూర్తం పెట్టుకుని ఈ నెల ఆపరేషన్ చేయించుకుంటే పెళ్లి ఫొటోల్లో ఉండేది వాపు.

ఆ తర్వాత నెలా నెలన్నర కళ్లజోడు ముక్కు మీద ఆనకూడదు. దాన్ని నుదుటికి టేపుతో అంటించుకుంటారు, లేదా కాంటాక్ట్ లెన్సులు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, రెండు వారాలు ముక్కు చీదకూడదు. ముక్కుపుడక ఉన్నవాళ్లు ఆపరేషన్‌కు ముందే తీసేయాలి, అమ్మమ్మ పెట్టిందైనా సరే. తిరిగి ఎప్పుడు పెట్టుకోవచ్చో డాక్టరునే అడగండి. పాత బొక్క ఈలోగా పూడిపోతే కంగారుపడి మీరే గుచ్చుకోకండి, ఆయన ఊ అన్నాక మళ్లీ కుట్టించుకోవచ్చు.